అరవై మూడు జంబేరి మొక్కలు

ఈ జూలై ఇరవై రెండో తేదీ, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు, బొల్లాపల్లి మండలంలో నేను ఉద్యాన సహాయకురాలిగా పనిచేస్తున్న గ్రామ సచివాలయం ముందు ఒక లారీ ఆగింది. రైతులకు రాయితీ మీద ఇవ్వవలసిన బత్తాయి అంట్లు అందులో వచ్చాయి. దారిలో వాన పట్టడంతో పట్టా కింద ఆకులన్నీ ఉడికినట్లయినాయి. తాడు విప్పగానే ఆ వాసన ముఖానికి కొట్టింది. తడిసిన ఎర్రమట్టి, వేడెక్కిన ప్లాస్టిక్ సంచులు, వాటి మధ్య నుంచి ముక్కు లోపల గీరినట్లుగా నిమ్మజాతి ఆకు ఘాటు. ప్రతి రైతునూ మొక్కల పక్కన నిలబెట్టి ఫోటో తీసి ఫోన్‌లో ఎక్కించాలి. సర్వరు కదిలేలోపు ఎండ నెత్తికెక్కుతుంది. ఇంకా రోజు మొదలు కాకముందే నాకు అలసటగా ఉంది. ఆ అలసటలోనే నా చేయి నన్ను అడగకుండా ఒక ఆకును తుంచి, నలిపి, ముక్కు దగ్గర పెట్టింది. డ్రైవరు నవ్వాడు. "ఏంది మేడం, పచ్చడి నూరతారా?" అన్నాడు. ఆ అలవాటు నాకు పుట్టుకతో వచ్చినది కాదు. నాగుల్ మీరా అనే మనిషి నుంచి వచ్చింది. ఆయనను ఎరిగినవారు ఈ జిల్లాలో కొద్దిమందే. కనుక ఎరగనివారి కోసం ఇది రాస్తున్నాను.

మా ఇంట్లో కళాశాల మెట్లు ఎక్కిన మొదటి మనిషిని నేను. నాన్నకు మూడెకరాల మెట్ట. కంది, ఆముదం, బోరులో నీళ్ళున్న ఏడాది కొంచెం మిరప. ఉద్యాన శాస్త్రంలో నాలుగేళ్ళ డిగ్రీ చదువుతానని చెప్పినప్పుడు నాన్న పార పక్కన పెట్టి, "తోటపనికి కాలేజీ ఏందమ్మా?" అని అడిగారు. వెక్కిరింపు కాదు, నిజంగానే తెలియక అడిగారు. నేను కళాశాల వాళ్ళు ఇచ్చిన పుస్తకంలోని వాక్యాలను అప్పజెప్పాను. పదో తరగతి దాకా తెలుగులో చదివినదాన్ని కావడంతో కళాశాలలో మొదటి రెండేళ్ళు నాకు పాఠం కంటే భాష బరువైంది. చిన్నప్పటి నుంచి చేతులతో పట్టుకున్న మొక్కలకు అక్కడ లాటిన్ పేర్లున్నాయి, ప్రతి పనికీ ఒక సంఖ్య ఉంది. ఆ పేర్లనూ సంఖ్యలనూ వల్లె వేసి వేసి, మార్కులు రావడం మొదలైనాక, నా చేతుల కంటే వాటినే ఎక్కువ నమ్మడం నేర్చుకున్నాను. అది తప్పని ఆ రోజుల్లో నాకు తోచలేదు.

మూడో సంవత్సరం శీతాకాలపు సెలవుల్లో, కొంత పని అనుభవం ఉంటుందని, కారంపూడి దగ్గర ఒక నర్సరీకి వెళ్ళాను. మీరా మామను మొదటిసారి చూసింది అక్కడే. అరవై దాటిన మనిషి. గళ్ళ లుంగీ, దారంతో చెవులకు కట్టుకున్న కళ్ళద్దాలు, గోనెపట్టా మీద ఒక మోకాలు మడిచి కూర్చోవడం. ముప్పై ఏళ్ళుగా అంట్లు కట్టడమే ఆయన పని. అక్షరం రాదు. నన్ను ఎగాదిగా చూసి, "ఏం చదువుతున్నావమ్మాయ్?" అని అడిగారు.

"హార్టికల్చర్ మామా. తోటల చదువు."

"ఎన్నేళ్ళు?"

"నాలుగేళ్ళు."

"నాలుగేళ్ళా! మొక్కలకు నీళ్ళు పోయటానికా? మా ఇంటావిడ బడి మొహం చూడకుండానే పోస్తంది గదా!" పక్కనున్న కూలీలందరూ నవ్వారు. నేను తల దించుకున్నాను. కానీ మధ్యాహ్నం అన్నాలైన తరువాత ఆయనే ఒక గోనెపట్టా పరిచి, "రా, కూర్చో. నీ చదువు ఎంతవరకొచ్చిందో చూద్దాం" అన్నారు.

ఆయన పనిని తెలియనివారికి కొంచెం చెప్పాలి. జంబేరి అనేది ఒక మొరటు నిమ్మ. దాని వేళ్ళు ఎంత గట్టి నేలనైనా పట్టుకుంటాయి, కానీ దాని కాయను ఎవరూ కొనరు. బత్తాయి కాయ తీపి, వేళ్ళు నాజూకు. అందుకని జంబేరి మొక్క కాండానికి చిన్న గాటు పెట్టి, బత్తాయి కొమ్మ నుంచి తీసిన, చిగురు పొడిచే ఒక కన్నును ఆ గాటులోకి దూర్చి, ప్లాస్టిక్ పట్టీ చుట్టి కడతారు. మూడు వారాల తరువాత పట్టీ విప్పి చూస్తారు. కన్ను పచ్చగా ఉంటే బతికినట్లు. అప్పుడు దానికి పైనున్న జంబేరి తలను కోసేస్తే, ఆ కన్నే చిగురించి బత్తాయి చెట్టవుతుంది. కన్ను ఎండిపోయి ఉంటే తల కోయకూడదు, మళ్ళీ కట్టాలి. పుస్తకంలో ఇది ఒక పేజీ. దానికి పరీక్షలో నాకు పూర్తి మార్కులు వచ్చాయి.

మీరా మామ మొదటి వారం నా చేతికి కత్తి ఇవ్వలేదు. కళ్ళు మూసుకోమని, ఆకు నలిపి నా ముక్కు దగ్గర పెట్టేవారు.

"ఇదేంది?"

"బత్తాయి."

"మళ్ళా చూడు."

"జంబేరి."

"కుదురుగా చెప్పు. మార్చి మార్చి చెబితే రెంటిలో ఒకటి తగలకుండా ఉంటదా?" ఆయన కళ్ళకు శుక్లాలు కమ్ముకున్నాయి. ఆపరేషన్‌కు భయపడి వాయిదా వేస్తూ వచ్చారు. "నాకు పొరలొచ్చినయ్, ముక్కే దిక్కు. నీకు కళ్ళున్నయ్ గాబట్టి ముక్కు నేర్చుకోబుద్ధి కాదు" అనేవారు. నేను ఆయన చెప్పినవన్నీ నోటు పుస్తకంలో రాసుకుంటుంటే, "జంబేరిని ఇంగ్లీషులో ఏమంటారు?" అని ఒకసారి అడిగారు. రఫ్ లెమన్ అన్నాను, అర్థం చెప్పాను. "మొరటు నిమ్మనా? పర్లేదే, వాళ్ళు గూడా చెట్టును ముట్టుకుని చూసే పేరు పెట్టారు" అని తృప్తిగా తల ఊపారు. రెండో వారంలో కత్తి ఇచ్చారు. నేను కట్టిన మొదటి పది కన్నుల్లో ఏడు ఎండిపోయాయి. ఆయన తిట్టలేదు. "చేతికి తొందరెక్కువ నీకు" అన్నారు, అంతే.

ఆ జనవరిలో ఆయన భార్యకు జబ్బు చేసి నరసరావుపేట ఆసుపత్రిలో చేర్చారు. ఆయన కట్టిన ఆరువందల అంట్ల మడి ఒకటి పట్టీలు విప్పే దశకు వచ్చి ఉంది. వెళ్ళే ముందు దాన్ని నాకు అప్పగించారు. "ఇరవై ఒకటో నాటికి పట్టీ విప్పి చూడు. కన్ను పచ్చగుంటేనే తల కొయ్యి. అనుమానమొస్తే వదిలెయ్, నేనొచ్చి చూస్తా." ఆ రోజు వచ్చింది. మొదటి వరుస చూశాను, అన్నీ పచ్చగా ఉన్నాయి. రెండో వరుస, మూడో వరుస కూడా అంతే. ఆయన చేతి పని కదా, ఎండిపోవు అనుకున్నాను. మెడ లాగేస్తోంది. సెలవులు ఇంకా రెండు రోజులే ఉన్నాయి. పుస్తకంలో ఇరవై ఒకటో రోజు అని ఉంది, ఆ రోజు వచ్చింది. మిగిలిన వరుసల్లో పట్టీ విప్పడం, తల కోయడం ఒకే ఊపులో చేసుకుంటూ పోయాను. కన్ను వైపు చూడలేదు. సాయంత్రం ఆసుపత్రి నుంచి ఎవరి ఫోనో తీసుకుని ఆయన మాట్లాడారు.

"ఒక్కోటీ చూశావా అమ్మాయ్?"

"చూశాను మామా."

ఆ మాట చెప్పేటప్పుడు అబద్ధం చెబుతున్నానని కూడా నాకు అనిపించలేదు. ఎండిన కన్నులున్న మొక్కల తల కోస్తే ఏమవుతుందో నాకు తెలుసు. కింద నుంచి జంబేరే మళ్ళీ చిగురు వేస్తుంది. పుల్లకు కట్టి నిలబెడితే అసలు అంటు కంటే ఏపుగా పెరుగుతుంది. తెలియని కంటికి మడిలో అదే అన్నింటి కంటే ఆరోగ్యమైన మొక్క. మామ నెల తరువాత పనిలోకి వచ్చారట. ఇంట్లో వంట కూడా ఆయనే చేసుకోవలసి వచ్చి, మధ్యాహ్నానికే వెళ్ళిపోయేవారట. నేను చూశానని చెప్పిన మడి కనుక, తన శుక్లాల కళ్ళతో దాన్ని మళ్ళీ వెతకలేదు. ఆగస్టు వానల్లో అందులోని నాలుగువందల మొక్కలను కోటయ్య అనే రైతు కొనుక్కుని వెళ్ళాడు. మిరపతో విసిగి, జీవితంలో మొదటిసారి బత్తాయి పెడుతున్న మనిషి.

చివరి సంవత్సరంలో మా డిగ్రీకి ఒక నియమం ఉంది. విద్యార్థులు కొన్ని నెలలు పల్లెలో ఉండి, ఒక తోటలోనో నర్సరీలోనో పని చేయాలి. ఆ యజమాని మన పనికి మార్కులు వేసి సంతకం చేయాలి. ఆ కాగితం లేకుండా డిగ్రీ రాదు. నేను సెప్టెంబరులో అదే నర్సరీకి వచ్చాను. మొదటి సోమవారం ఉదయం మీరా మామ మిగిలిన రెండువందల మొక్కల్లో పక్క చిగుర్లు తీస్తూ, అలవాటుగా ఆకు నలుపుతూ నడుస్తున్నారు. ఒక మొక్క దగ్గర ఆగారు. మరో ఆకు తుంచారు. పక్క మొక్కకు వెళ్ళారు.

"ఈ వరసకు తల కోసిందెవరు?"

"నేనే మామా."

ఆయన ఆకులు నలుపుతూ ఆ మడి చివరి దాకా నడిచారు. ముప్పై ఒక్క మొక్కలు బత్తాయి కావు, జంబేరివే. తిరిగొచ్చి గట్టు మీద కూర్చున్నారు. కళ్ళద్దాలు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నారు. "చూశానన్నావే" అన్నారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేను ఏడ్చి తేలికపడేదాన్ని.

"కోటయ్య గారి చేలో కూడా ఉంటాయా మామా?"

"ఎందుకుండవు? పచ్చగా, అన్నిటికన్నా బలంగా ఉంటయ్. నీళ్ళు పోస్తాడు, ఎరువేస్తాడు, వాటిని చూసి సంతోషపడతాడు. ఐదేళ్ళకు కాపొచ్చినాక తెలుస్తది."

విషయం నర్సరీ యజమానికి చెప్పాము. ఆయన తలుపు దగ్గరికి వేసి, చాలా నింపాదిగా మాట్లాడారు. "ఇప్పుడు బయటపెడితే నర్సరీ పేరు పోద్ది. ఐదేళ్ళ నాటికి ఎవరి మొక్కో ఏందో ఎవరికి గుర్తుంటది? నువ్వు చదువుకునే పిల్లవు, చదువుకో. నోరు జారావంటే నీ కాగితం మీద నా సంతకం ఉండదు." తరువాత మామ వైపు తిరిగారు. "నీకు గూడా చెబుతున్నా మీరా. ఈ కళ్ళతో నిన్ను ఇంకెవరు పెట్టుకుంటారు?"

నేను మూడు రోజులు నోరు మెదపలేదు. ఇది దాచుకోదలచుకోలేదు. సచివాలయ ఉద్యోగాలకు ప్రకటన వస్తుందని అందరూ అంటున్నారు. నాన్న ఫోన్ చేసిన ప్రతిసారీ, "ఇంకెన్ని నెలలమ్మా?" అని అడుగుతున్నారు. ఆ ఏడు కంది కూడా పోయింది. అరవయ్యో డెబ్భయ్యో మొక్కలు, ముఖం కూడా తెలియని ఒక రైతు, ఎప్పుడో వచ్చే ఐదో ఏడు. ఇవన్నీ ఒక వైపు పెట్టి, నాన్న అడిగే ప్రశ్నను మరో వైపు పెట్టి తూచుకుంటూ ఉండిపోయాను. నాలుగో రోజు ఉదయం కారంపూడి బస్టాండులో ఆయన సంచితో నిలబడి కనిపించారు. సంచిలో కత్తి, ప్లాస్టిక్ పట్టీల చుట్ట.

"ఎక్కడికి మామా?"

"కోటయ్య చేనుకు. నువ్వు రానక్కర్లేదు. నేను కట్టినయ్యే, నేనే సరిగా చూసుకోలా అని చెబుతా."

"అది అబద్ధం గదా."

"సగమే అబద్ధం. నేను చూసుకోని మాట నిజమే."

బస్సు వచ్చింది. నేనూ ఎక్కాను. ఎందుకు ఎక్కానో ఇప్పటికీ స్పష్టంగా చెప్పలేను. ధైర్యం మాత్రం కాదు. నేను చేసినదాన్ని ఆయన తన పేరు మీద వేసుకుని, సరిగా కనపడని కళ్ళతో ఆ డొంక దారిలో ఒక్కరే నడిచి వెళ్ళడం ఊహించుకుంటే, అక్కడ నిలబడలేకపోయాను.

కోటయ్య గారు, ఆయన భార్య ఆదెమ్మ గారు చేలో డ్రిప్ పైపులు సర్దుకుంటున్నారు. "ఏంది మీరా, ఇంత దూరమొచ్చావు? నర్సరీ మూసేశారా?" అని ఆయన నవ్వుతూ పలకరించారు. మామ నా వైపు చూశారు. నేను చెప్పాను. మడి అప్పగించినప్పటి నుంచి ఫోన్‌లో చెప్పిన మాట దాకా మొత్తం చెప్పాను. కోటయ్య గారి నవ్వు నెమ్మదిగా పోయింది.

"ఎన్ని?"

"తెలియదు బాబాయ్. ఒక్కొక్కటీ చూడాలి."

"ఇప్పుడు చూస్తావా? చూసిచ్చాం, ఏరిచ్చాం అని గదా లారీ ఎక్కించారు! చదువుకున్నదానివి, నీకు ఆకు తేడా తెలవదా?" ఆయన కోపం పెరిగిపోతుంటే ఆదెమ్మ గారు అడ్డం వచ్చారు. "ఆ పిల్లనెందుకయ్యా అట్టా తిడతావు? చెప్పటానికే గదా వచ్చింది."

"రాకుండా ఉంటే తిట్టటానికి మనిషి ఎవరు దొరికేవారే నాకు? ఐదేళ్ళు పోయినాక తెలిస్తే తిట్టే ఓపిక గూడా ఉండేది గాదు. ఇప్పుడుంది. పడమను!"

పడ్డాను. తరువాత వరుసల్లోకి దిగాము. మామ ఆకు నలుపుతూ ముందు, నేను వెనుక. ఆదెమ్మ గారు చింపి ఇచ్చిన పాత చీర పేలికలను తప్పు మొక్కలకు కట్టుకుంటూ వెళ్ళాను. పొద్దు వాలేసరికి నాలుగువందల మొక్కలూ అయినాయి. పేలికలు కట్టినవి అరవై మూడు. కోటయ్య గారు వాటిని చూసి గడ్డపార తీశారు. మామ చేయి అడ్డం పెట్టారు.

"ఆగు కోటయ్యా, పీకబాక. వేళ్ళు మంచియ్యే, నీ నేల పట్టినయ్ గూడా. తప్పంతా పైనే ఉంది. ఇక్కడే మళ్ళా కన్ను కడదాం. నీకు ఒక ఏడు పోద్ది, ఐదు పోవు."

కోటయ్య గారి అన్నకు పక్క ఊళ్ళో కాపు మీదున్న బత్తాయి తోట ఉంది. మరునాడు ఉదయం మామ అక్కడి నుంచి ఏరి ఏరి కొమ్మలు కోసి తడిగుడ్డలో చుట్టి తెచ్చారు. చేలోకి రాగానే కత్తి నా చేతికిచ్చారు.

"నువ్వు కట్టు."

"నా చేతి కట్లు సగం ఎండిపోతాయి మామా. ఈసారికి మీరే కట్టండి."

"ఎండితే మళ్ళా కడతావు. వచ్చే నెల నేనుంటానా నీ పక్కన?"

మూడు రోజులు పట్టింది. నేలకు జానెడు ఎత్తులో గాటు పెట్టాలి కనుక పని అంతా మోకాళ్ళ మీదే. జంబేరి ముళ్ళకు రెండు చేతులూ గీరుకుపోయాయి. చెమట గీతల్లోకి దిగి మండేది. మామ గొడుగు వేసుకుని పక్కన కూర్చుని, నేను కట్టిన ప్రతి కట్టునూ బొటనవేలితో తడిమి చూసేవారు. వదులుగా ఉంటే మాట్లాడకుండా విప్పేసేవారు. మూడో రోజు సాయంత్రం చివరి మొక్క దగ్గర నాకు లేవడానికి శక్తి చాలలేదు. ఆదెమ్మ గారు చెంబుతో మజ్జిగ తెచ్చి, "లెగు తల్లీ, మొక్కతో పాటు నువ్వు గూడా ఇక్కడే నాటుకునేట్టున్నావు" అన్నారు. అప్పుడు కోటయ్య గారు మొదటిసారి నవ్వారు.

ఇరవై ఒకటో నాడు మళ్ళీ వెళ్ళాము. నేను పట్టీ విప్పడం, ఆయన వంగి చూడడం. ఒక్కో మొక్కకూ "ఊఁ" అన్న తరువాతనే తల కోశాను. యాభై రెండు పచ్చగా ఉన్నాయి, పదకొండు ఎండాయి. ఆ పదకొండూ మళ్ళీ కట్టాను. అందులో రెండు ఎప్పటికీ అతకలేదు. వాటిని కోటయ్య గారే తీసేశారు.

అప్పటికే యజమానికి కబురు చేరింది. మామను పనిలోకి రావద్దన్నారు. నా కాగితం మీద సంతకం పెట్టలేదు. జరిగినదంతా రాసి కళాశాలలో ఇచ్చాను. మా మేడం రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు బల్ల మీద పెట్టి, "నిజం రాసినందుకు మార్కులు వేసే గడి మా ఫారంలో లేదమ్మా" అన్నారు. ఆమె మాటలో కాఠిన్యం లేదు. తరువాతి బ్యాచితో ఆ నెలలన్నీ మళ్ళీ చేయమన్నారు. ఆ సంగతి ఫోన్‌లో చెప్పినప్పుడు నాన్న, "మొక్కలు బతికినయ్యా?" అని అడిగారు. బతికినయ్ అన్నాను. "సరే" అన్నారు.

డిగ్రీ చేతికి వచ్చిన వారంలో మామను చూడడానికి మాచర్ల వెళ్ళాను. ఆయనా భార్యా అక్కడ కూతురి ఇంట్లో ఉంటున్నారు. అల్లుడి బైకు రిపేరు షాపు ముందు స్టూలు మీద కూర్చుని, వచ్చినవాళ్ళను వరసగా పేరు పెట్టి పిలిచే పని చేస్తున్నారు. కళ్ళకు ఆపరేషన్ అయింది. సర్టిఫికెట్‌ను చేత్తో తడిమి, "నాలుగేళ్ళ చదువుకు ఐదేళ్ళు పట్టిందే నీకు! జంబేరికి గూడా అంతే, ఐదేళ్ళకే కాపు" అని పెద్దగా నవ్వారు. నేనూ నవ్వాను. టీ తాగిన తరువాత, చాలా రోజులుగా అడగాలనుకున్నది అడిగాను.

"మీ పని పోయింది నా వల్లే. కోపం లేదా మామా?"

ఆయన గ్లాసు కింద పెట్టారు. "పని ఎట్టాగూ పోయేదే అమ్మాయ్. అది గాదు. ఆసుపత్రిలో నాలుగు రోజుల నుంచి నాకు కునుకు లేదు. ఆ రోజు నువ్వు ఫోన్‌లో చూశానన్నావే, అప్పుడు పట్టింది నిద్ర. అదొక్కటే మర్చిపోలేకపోతున్నా." ఇంతలో అల్లుడు పిలిస్తే, లేచి లోపలికి వెళ్ళారు. మరుసటి ఏడు ఆయన పోయారు. కబురు నాకు పది రోజులకు గానీ తెలియలేదు.

నా డిగ్రీ ఒక సంవత్సరం ఆలస్యంగా వచ్చింది. ఆ ఏటి ఉద్యోగ ప్రకటన దాటిపోయింది. రెండేళ్ళ తరువాత వచ్చినదానిలో ఈ ఉద్యోగం దొరికింది. మీరా మామ మళ్ళీ ఏ నర్సరీలోనూ పని చేయలేదు. మేము ప్రతి నెలా పైకి పంపే నివేదికలో చనిపోయిన మొక్కల సంఖ్యకు ఒక గడి ఉంది. ఎక్కువమంది అక్కడ సున్నా వేసి పంపుతారు. నేను చేలల్లో తిరిగి లెక్కపెట్టిన అంకె వేస్తాను. అందుకు ఇప్పటికి రెండు మెమోలు వచ్చాయి. రెండింటికీ సమాధానం రాశాను. అంకె మార్చలేదు.